వయొలిన్లు నయం చేసిన గొంతు

ఆమెకి కోపం రాని రోజున ఇంట్లోవాళ్లు జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూసేవారు. సంగీత బృందంలో వాయించేవాళ్లు చాటుగా ఆమెకి ‘అగ్గిపెట్టె’ అని పేరు పెట్టారు. పొట్టిగా, సన్నగా ఉండేది. గీస్తే చాలు, అంటుకునేది. ఆ పేరు చెవిన పడ్డ రోజు ఆమె బాధేమీ పడలేదు. "తడిసిపోయిన అగ్గిపుల్లలతో పని చేయించుకోవడం నాకు అలవాటే. మొదట్నుంచీ వాయించండి," అంది.

ఆమె సంగీతం రాసేది. సినిమాలకి కాదు. వయొలిన్లూ, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్లలాంటి చెల్లోలూ, బాకాలూ పట్టుకుని వరసలుగా కూర్చునే పెద్ద బృందాలు వాయించేది, జనం దగ్గు ఆపుకుని వినేది, ఆ రకం. అలాంటివి రాసినవాళ్లంతా ఎప్పుడో పోయి పటాలై గోడలెక్కారనీ, బతికున్న మనిషి, అందులోనూ ఒక ఆడమనిషి, అవి రాయడమేమిటనీ అనుకునే ఊరది. రాసినదాన్ని వాయించమని అడగడానికి వెళ్లినప్పుడల్లా ‘మీరు కూడానా?’ అనే చూపు ఎదురొచ్చేది. ముక్కు మీద కోపం ఉన్న మనిషికి ఆ చూపొక్కటి చాలదూ!

తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఇంటి ముందుగదే దుకాణం. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ టకటకల మధ్యే పెరిగారు. పెద్దది బడిలోని పాత పియానో మీద వేళ్లు తిప్పడం నేర్చుకుని, సంగీత కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. బృందం కోసం మొట్టమొదట రాసినదానికి ‘మిషన్లు’ అని పేరు పెట్టింది. నూనె వెయ్యని మిషను, దారం తెంపే మిషను, తొక్కితే ఒకసారి నడిచి ఒకసారి మొండికేసే మిషను, అన్నీ వయొలిన్ల మీదే. జనం నవ్వారు. తండ్రి మాత్రం తన దుకాణం హాలెక్కిందని మురిసిపోయాడు. మర్నాడు పేపర్లో సంగీతం గురించి రాసే పెద్దమనిషి "ఇదే సంగీతమైతే మా వంటింట్లో మిక్సీ మహా విద్వాంసురాలు" అని రాశాడు. ఆమె తిన్నగా ఆ పేపరాఫీసుకే వెళ్లి, "మీ మిక్సీ కచేరీ వినాలి. ఎప్పుడు రమ్మంటారు?" అని అందరి ముందూ అడిగింది. ఆయన క్యాంటీన్ వెనక తలుపులోంచి జారుకున్నాడని చాలాకాలం చెప్పుకున్నారు.

చెల్లెలిది వేరే తీరు. నవ్విందంటే పక్కవీధిలో వాళ్లు కూడా ఏమైందని అడిగేవారు. చదువు అంతంత మాత్రం. గొంతు మాత్రం, కింది స్వరాల్లో బావిలోంచి తోడినట్టు బరువుగా ఉండేది. పైకి వెళ్లేకొద్దీ అద్దం మీద గీత గీసినట్టు సన్నగా, ఎక్కడా వణక్కుండా సాగేది. అక్క ఏం రాసినా ఆ గొంతుని చెవిలో పెట్టుకునే రాసేది. పోగొట్టుకున్న గొడుగు మీద, తాళంచెవి మీద, ఊడిన పన్ను మీద పాటలు కట్టి, వాటన్నిటికీ కలిపి ‘పారేసుకున్నవి’ అని పేరు పెట్టింది. నేర్చుకునేటప్పుడు ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

"అక్కా, ఇక్కడ ఊపిరి ఎక్కడ తీసుకోమంటావు? చెవుల్తోనా?"

"పాడేదానివి నువ్వు. ఊపిరి నీ గొడవ."

"అయితే నాకిష్టమొచ్చిన చోట తీసుకుంటా."

"తీసుకో, చంపేస్తా."

ఆ పాటలతోనే అక్క పేరు నలుగురికీ తెలిసింది. మిక్సీ పెద్దమనిషి ఈసారి "పాటల మాట ఎలా ఉన్నా, ఆ గొంతు చాకలిపద్దు చదివినా వినొచ్చు" అని రాశాడు. చెల్లెలు అది పైకి చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. అక్క ఆ పేపరు లాక్కుని, పొయ్యి మీంచి దించిన గిన్నె కింద పెట్టింది.

చెల్లెలికి పెళ్లైంది. భర్త లిఫ్టులు బాగుచేసేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్లు వేరే కాపురం పెట్టారు. తండ్రి పోయాక తల్లి అక్క దగ్గరే ఉండిపోయింది. పాడటం, రాయడం ఆగలేదు. ఇలా ఉండగా చెల్లెలి మెడలో చిన్న గడ్డ కనబడింది. కోసి తీసెయ్యాలన్నారు. తీసేశారు. తెలివొచ్చాక చెల్లెలు నీళ్లు అడగబోయింది. పెదాలు కదిలాయి, గాలి వచ్చింది, మాట రాలేదు.

గొంతుని కదిలించే నరం తెగిందట. ఆ ఆపరేషన్ చేసిన డాక్టరు చేతులు తుడుచుకుంటూ, "గడ్డ పోయింది, ప్రాణానికి ఢోకా లేదు. మాట కొంచెం బొంగురుగా వస్తుంది. పాటంటారా? అందరూ పాడతారా ఏంటి?" అన్నాడు.

అక్క ఒంటికాలి మీద లేచింది. "అందరి గురించీ కాదు నేనడిగేది. మా చెల్లి గురించి."

"ఇలా జరగొచ్చని ముందే చెప్పాం కదమ్మా."

"జరగొచ్చని చెప్పారు. జరిగితే మీరిలా నిలబడి చేతులు తుడుచుకుంటారని చెప్పలేదు."

ఆ అరుపులకి పక్కగదుల్లోంచి రోగులు బయటికొచ్చారు గానీ తెగిన నరం అతుక్కోలేదు.

మాట నేర్పే వైద్యశాల అక్క ఇంటి పక్క వీధిలో ఉంది. అందుకని చెల్లెలూ మరిదీ కొన్నాళ్లు అక్క ఇంటికే వచ్చి ఉన్నారు. వైద్యశాలవాళ్లిచ్చిన కసరత్తులు రోజూ చెయ్యాలి. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రాతో బుడగలొచ్చేలా ఊదాలి. ‘ఈ’ అని గుక్క తిప్పుకోకుండా లాగాలి. ఒకటి నుంచి పది దాకా ఒకే ఊపిరిలో లెక్కపెట్టాలి. చెల్లెలికి ఆరు దగ్గర ఊపిరి తెగిపోయేది. మళ్లీ ఒకటి నుంచి మొదలు. మళ్లీ ఆరు.

ఊళ్లోవాళ్లు చూడ్డానికి వచ్చి, "పోనీలే అమ్మా, ప్రాణం దక్కింది, అదే పదివేలు," అనేవారు. అది గోరుచుట్టు మీద రోకటిపోటు. అరవడానికి గొంతు లేకపోతే కోపం ఎక్కడికి పోతుంది? చేతుల్లోకి పోతుంది. చెల్లెలు కప్పులు విసిరేది, తలుపులు బాదేది. నాలుగు పింగాణీ పళ్లేలు పగిలాక మరిది మాట్లాడకుండా బజారుకెళ్లి స్టీలువి కొనుక్కొచ్చాడు. వాటిని విసిరితే ఇంకా పెద్ద చప్పుడు వచ్చేది. "ఇవే నయం," అంది చెల్లెలు గుసగుసగా.

అక్క రాసుకునే బల్ల చెల్లెలి గది గోడకి ఇవతల ఉండేది. చెక్కగోడ. మొదట్లో చెవుల్లో దూది పెట్టుకుంది. తరవాత తీసేసింది. ఒకరోజు బుడగల చప్పుడుకి తన చేతిలో పెన్సిలు దానంతటదే కదలడం చూసింది. ఆపలేదు. చెల్లెలు ఊదినంతసేపూ రాసింది. ‘ఈ’ ఎక్కడ చీలుతోందో, ఆరు తరవాత ఎంత నిశ్శబ్దం ఉంటోందో, అన్నీ రాసింది. ఆ డాక్టరు మీద కోపాన్నే రాస్తున్నాననుకుంది. చెల్లెలికి మాత్రం చెప్పలేదు.

గొంతు ఒక బొంగురు గుసగుసగా స్థిరపడ్డాక చెల్లెలూ మరిదీ తమ ఇంటికి వెళ్లిపోయారు. తరవాత కొన్నాళ్లకి ‘గోడ అవతల’ అనే కొత్త రచనని బృందం వాయిస్తోందని అక్క అందరినీ పిలిచింది. బృందాన్ని నడిపించేది ఒక పొడుగాటి మనిషి. వేదికెక్కే ముందు, దిగాక కూడా తల దువ్వుకుంటాడని ఆయన్ని అందరూ ‘దువ్వెన’ అనేవారు. ఆయన చెయ్యెత్తాడు. చెల్లోలు అడుగున బుడబుడమన్నాయి. వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా ఒకటి ‘ఈ’ అని లాగి, మధ్యలో చీలింది. ఆ తరవాత తీగలు మీటుతూ ఒకటి, రెండు, మూడు... ఆరు. నిశ్శబ్దం. మళ్లీ ఒకటి.

మూడో వరసలో కూర్చున్న చెల్లెలి చెయ్యి మెడ మీది మచ్చ మీదికి వెళ్లింది.

చివరి భాగంలో అన్నీ ఆగి, ఒక్క వయొలిన్ మెల్లగా పైకి లేచింది. దాని కింద ఒక్కొక్కటే మిగిలినవి వచ్చి చేరాయి. చీలిన చోటల్లా అతుక్కుంది. ఆరు దాటి ఏడు, ఎనిమిది, పది. హాల్లో జనం కళ్లు తుడుచుకున్నారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే దువ్వెన అక్కని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి లాక్కెళ్లాడు. అక్కణ్నుంచి చూస్తే మూడో వరసలో చెల్లెలి కుర్చీ ఖాళీగా ఉంది.

హాలు వెనక, వాయిద్యాల పెట్టెలు పెట్టే సందులో చెల్లెలు దొరికింది. పక్కన మరిది. చెల్లెలి మాట వినబడాలంటే మొహంలో మొహం పెట్టాలి. అంత దగ్గరగా వచ్చి అడిగింది.

"ఎన్నాళ్లు విన్నావు?"

"గోడ పల్చన. వినక ఏం చేస్తాను?"

"వినడం వేరు, రాసుకోవడం వేరు. నన్నొక్క మాట అడిగావా?"

"అడిగితే వద్దనేదానివి."

"అందుకే అడగలేదు. దాన్ని దొంగతనం అంటారక్కా."

మరిది నీళ్లు నమిలాడు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం వదినా, జనం చూస్తున్నారు..."

"నువ్వుండు," అన్నారిద్దరూ ఒకేసారి.

"నాన్న దుకాణం మీద రాస్తే నాన్న సంతోషపడ్డాడు," అంది అక్క.

"నాన్న మిషన్లకి నోరు లేదు. నాకుంది. ఇలా ఉన్నా ఉంది."

"నీ కోసమే రాశానే! ఆ డాక్టరు మీద నాకెంత కోపమో..."

"కోపమా? ఎక్కడుందది? ఆ చివర్న ఏంటి? నా గొంతు బాగైపోయిందా? ఎప్పుడు బాగైంది? నాకెవరూ చెప్పలేదే! వాళ్లంతా కళ్లు తుడుచుకుని హాయిగా ఇళ్లకి పోతున్నారు. నేనెక్కడికి పోవాలి?"

"సంగీతం అలా మధ్యలో తెగిపోకూడదు. ముగింపు ఉండాలి."

"నాది తెగింది."

అక్కకి చిర్రెత్తుకొచ్చింది. తను రాసినవాటన్నిటిలోకీ గొప్ప ముక్క అది. "నీకు పాడటం వచ్చేది. రాయడం గురించి నాకు చెప్పకు," అంది.

‘వచ్చేది’ అన్న మాట నోరు జారిపోయాక గానీ అది ఎంత మాటో ఆమెకి తెలియలేదు. చెల్లెలు పక్కనున్న ఖాళీ చెల్లో పెట్టెని కాలితో ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయింది.

ఆ తరవాత ఏళ్ల తరబడి మాటల్లేవు. "ఇద్దరూ నా కడుపునే పుట్టారు, ఇద్దరికీ నా నోరే వచ్చింది," అని తల్లి గోడకి చెప్పుకునేది. ‘గోడ అవతల’ మాత్రం ఊళ్లు తిరిగింది. బహుమతి వచ్చింది. కళాశాలలో అక్కకి సొంత గది, తలుపు మీద పేరు వచ్చాయి. చివరి భాగం రేడియోలో పొద్దున్నే వేసేవారు. ఎవరైనా దాని గురించి అడిగితే "మనిషి ధైర్యం గురించి," అనేది. ఆ జవాబు చెప్పిన ప్రతిసారీ ఎందుకో ఇంటికొచ్చి తల్లి మీద విసుక్కునేది.

ఒకనాటి ఉదయం ఆ డాక్టరు ఆమె గదికి వచ్చాడు. జుట్టు నెరిసింది. ఇప్పుడా ఆసుపత్రికి ఆయనే పెద్ద. ఆమె గుర్తుపట్టింది. ఆయన పట్టలేదు.

"మా కొత్త భవనం ప్రారంభోత్సవానికి మీ సంగీతం కావాలండీ. అదే, ‘గోడ అవతల’. మొత్తం అక్కర్లేదు, మొదట్లో అదంతా కొంచెం... చివరి భాగం చాలు. ఆపరేషన్ అయ్యి రోగి కోలుకున్నట్టే ఉంటుంది. నేను రోజూ వింటాను. అది పెట్టుకుంటే హాయిగా నిద్రపడుతుంది నాకు."

ఆమె చేతిలో పెన్సిలు రెండు ముక్కలైంది. ఆయన చూసి, "పాపం, విరిగిందే," అన్నాడు.

"ఆలోచించి చెప్తాను," అంది ఆమె. గొంతు లేవలేదు. ఇన్నేళ్ల కోపంలోనూ అంత కోపం ఆమెకి ఎప్పుడూ రాలేదు. అందులో సగం తన మీదే. ఆయన నిద్రకి తనే జోల రాసిచ్చింది.

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్లింది. లిఫ్టులు బాగుచేసేవాడుండే భవనంలో లిఫ్టు ఎప్పుడూ పనిచెయ్యదు. అన్ని మెట్లూ ఎక్కేసరికి ఆయాసంతో మాట రాలేదు. తలుపు తీసిన చెల్లెలు గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మ బావుందా?"

"బావుంది. ఆ డాక్టరు వచ్చాడు నా దగ్గరికి."

"గుర్తుపట్టాడా?"

"లేదు. ఆ చివరి భాగం కావాలిట వాడి కొత్త ఆసుపత్రికి. అది వింటే హాయిగా నిద్రపడుతోందిట."

చెల్లెలు నవ్వింది. పాత గుడ్డ చింపినట్టుంది ఆ నవ్వు. "నిద్రపడుతోందా!"

"ఆ భాగం తీసేస్తున్నాను. ఇంకెక్కడా ఉండదు." క్షమించమనే మాట ఆమె నోటికి ఏనాడూ రాలేదు, ఆ రోజూ రాలేదు. రానందుకు చెల్లెలు మరింత మండిపడింది. పడి, తప్పుకుని దారిచ్చింది.

"తీసేస్తే సరిపోదు. ఆ ఊపిరి నాది. నేనే ఊదుతా. వాడి ముందు కూర్చుని ఊదుతా."

మొత్తం రచనని వాయిస్తామని ఆసుపత్రికి కబురు పంపారు. రిహార్సళ్లలో అక్కాచెల్లెళ్లు రోజూ కీచులాడుకున్నారు. బృందం మధ్యలో ఒక కుర్చీ, స్టూలు మీద నీళ్ల గ్లాసు, అందులో స్ట్రా. చెల్లెలు ఊదేది, లాగేది, లెక్కపెట్టేది. వయొలిన్లు ఆమె వెనక నడవాలి. "ఆ వయోలా అందంగా చీలుతోందక్కా. గొంతు అందంగా చీలదు," అనేది. వయోలా ఆమె ఏడుపు మొహం పెట్టేది. అక్క తన రచనలో ఇంకొకరు వేలు పెట్టడాన్ని పళ్లు కొరుక్కుంటూ భరించేది, భరించలేనప్పుడు కుర్చీలు తోసేది, మర్నాటికి మాత్రం చెల్లెలు చెప్పినట్టే మార్చి తెచ్చేది. ఆఖరి రిహార్సల్లో దువ్వెన కంగారుగా కాగితాలు తిరగేశాడు.

"ముగింపు ఏదండీ?"

"అదే ముగింపు."

"కరెంటు పోయినట్టుంది!"

"అలాగే ఉండాలి."

కొత్త భవనం ఇంకా రంగు వాసన వేస్తోంది. ముందు వరసలో డాక్టరు. చెల్లెలు ఊదింది. మైకులో ఆ బుడగల చప్పుడు హాలంతా నిండింది. ఎవరో కిసుక్కుమన్నారు. ‘ఈ’ లాగింది, చీలింది, చీలిన చోటే మళ్లీ లాగింది. చివర్న లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆగింది. వయొలిన్ల కమానులు గాల్లో ఆగిపోయాయి. అయిపోయిందో లేదో తెలియక జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అక్కడో ఇక్కడో చప్పట్లు పడ్డాయి.

డాక్టరు వేదిక దగ్గరికొచ్చాడు. రాత్రిళ్లు తను వినేది రాలేదని నొచ్చుకున్నట్టున్నాడు గానీ మర్యాద తప్పలేదు. గ్లాసు చూపించి చెల్లెలిని, "చాలా కొత్తగా ఉందండీ. ఎప్పట్నుంచి వాయిస్తున్నారిది?" అని అడిగాడు.

"మీరు నా గొంతు కోసినప్పట్నుంచి," అంది చెల్లెలు.

చుట్టూ గోల. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నారు?"

చెల్లెలు మళ్లీ చెప్పింది. "బావుంది, బావుంది," అని తల ఊపి ఆయన పక్కకి తిరిగాడు.

అక్క ఆగలేకపోయింది. "మీరు తన గొంతు కోసినప్పట్నుంచి అంటోంది! మీ చేత్తో! ఈ ఆసుపత్రిలోనే!" అని అరిచింది. హాలు చల్లబడిపోయింది. డాక్టరు నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. "నాకు... గుర్తు లేదమ్మా. చూడాలి. ఏ సంవత్సరం?" అన్నాడు. ఈలోగా ఎవరో ఆయన్ని భుజం పట్టుకుని భోజనాల వైపు తీసుకుపోయారు.

బయట మెట్ల మీద చెల్లెలు అక్క మీద విరుచుకుపడింది.

"నా మాట నేను చెప్పుకోలేనా?"

"వాడికి వినబడలేదే!"

"వినబడేదాకా చెప్తాను. వంగి వింటాడు. వినకపోతే వాడి ఖర్మ. ఇన్నేళ్లు దాచుకున్న ఒక్క మాట, అదీ నీ నోట్లోంచి పోయింది."

అక్క వెనక్కి తిరిగి మరిది మీద అరిచింది, కారు తలుపు సరిగ్గా వెయ్యలేదని.

ఆసుపత్రివాళ్లు బృందం పెద్దలకి ఫిర్యాదు చేశారు. ఆ పైన రెండేళ్లు ఆ బృందం అక్క రాసినదేదీ వాయించలేదు. దువ్వెన ఎదురుపడితే పక్కసందులోకి తిరిగేవాడు. రేడియోవాళ్లు చివరి భాగం వేస్తామని అడిగినప్పుడల్లా అక్క ఒప్పుకోలేదు. ఒకసారి అడక్కుండా వేస్తే స్టేషనుకి వెళ్లి, వెయ్యమని హామీ ఇచ్చేదాకా కదల్లేదు. ‘గోడ అవతల’ పెద్ద హాళ్లకి పనికిరాకుండా పోయింది. చిన్నచోట్ల, బడి హాళ్లలో, గ్రంథాలయాల్లో, కుర్రవాద్యకారులతో వాయించేవారు. ప్రతిసారీ మధ్య కుర్చీలో చెల్లెలే. అక్క కొత్తవి రాసింది, రాసిన ప్రతిదీ చెల్లెలికి వినిపించింది, విన్న ప్రతిసారీ గొడవపడ్డారు.

అలాంటి ఒక చిన్న హాల్లో, వాయించడం అయ్యాక, ఒక పెద్దావిడ వాళ్లిద్దరి దగ్గరికీ వచ్చింది.

"ముందు దీనికి చివర్న ఒక వయొలిన్ భాగం ఉండేది కదండీ. ఎంత బావుండేదో! ఎందుకు తీసేశారు?"

అక్క ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది. చెల్లెలు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నేను చెప్తా," అంది. ఆవిడ వైపు తిరిగింది. "నాకు నయం కాలేదండీ. అందుకు."

"ఏంటమ్మా?" అంది ఆవిడ.

"నాకు నయం కాలేదు."

ఆవిడకి ఇప్పుడూ వినబడలేదు. ఇంకాస్త దగ్గరికొచ్చి, చెవి అటు తిప్పి, వంగింది. చెల్లెలు మూడోసారి మొదలుపెట్టింది. అక్క మొహం కందగడ్డలా ఎర్రబడింది. పళ్లు బిగబట్టి, నేల చూస్తూ, పక్కన నిలబడింది గానీ నోరు మెదపలేదు.